శుక్రవారం వేసిన అతుకు

"తుపాకీ పట్టీ విప్పినప్పుడు లోపల ఏం చూశావు?"

"ఏం సూడలా మేడమ్."

"చూడకుండానే అతుకు వేశావా?"

ఖమరుద్దీన్ తల దించుకున్నాడు. మజ్లిస్‌లో, అతిథుల్ని కూర్చోబెట్టే ఆ పెద్దగదిలో, తివాచీ మీద మంగతాయారుకి ఎదురుగా మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. కడప మనిషి. మస్కట్‌లోని మత్రా సూక్‌లో, ఆ పాత బజారులో, ఒక పాతసామాన్ల షాపులో ఖంజర్లనే వంపుకత్తులకీ తుపాకులకీ వెండిపని చేస్తాడు. ఇబ్రాలోని ఈ ఇంటి పెద్ద షేక్ సైఫ్ తన తాతల నాటి మార్టిని రకం తుపాకీని క్రితం నెలలో మనవరాలి చేత ఆ షాపుకి రిపేరుకి పంపాడు. తిరిగొచ్చిన తుపాకీని పండగనాడు చేతిలోకి తీసుకుని, "ఇది నాది కాదు" అన్నాడు. అంతే. దొంగతనం కేసు ఖమరుద్దీన్ మెడకి చుట్టుకుంది.

ఇవాళ గురువారం. మధ్యలో రెండు రోజులు సెలవు. ఆదివారం పొద్దున ప్రాసిక్యూషన్ వాళ్ళ ముందు నిలబడాలి. ఈ సాయంత్రంలోగా ఏదో ఒకటి తేలకపోతే అతను జైలుకి వెళ్ళడం ఖాయం.

"నీ భార్య సఫియా నాకేం చెప్పిందో తెలుసా?" అంది మంగతాయారు. "నెలరోజులుగా నువ్వు నిద్రపోవట్లేదట. కేసు వచ్చి పదిరోజులే అయింది. మిగతా ఇరవై రోజులు దేనికి నిద్ర పట్టలేదు?"

అతను గుమ్మం వైపు చూశాడు. చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

గుమ్మం బయట మెట్టు మీద జీషాన్ ఖహ్వా, అరబ్బుల యాలకుల కాఫీ, తాగుతున్నాడు. హైదరాబాదు వాడు. మత్రా షాపు నడిపేది అతనే. ఖమరుద్దీన్‌కి పూచీ ఇచ్చిందీ, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్నదీ, ఇవాళ తన కారులో ఇక్కడికి తెచ్చిందీ అతనే.

మంగతాయారు ఆ చూపుని గుర్తుంచుకుంది. హైదరాబాదు ఫోరెన్సిక్ లాబ్‌లో ఆయుధాల విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి ఆమె. ఇప్పుడు మస్కట్ పక్కన సీబ్‌లో కూతురి దగ్గర ఉంటోంది. సఫియా పెట్టుకున్న లాయరు ఆమెని ఈ కేసుకి పిలిచాడు.

"ఆయన్ని అడిగి లాభం లేదండీ," అన్నాడు విశ్వేశ్వరరావు, కిటికీ దగ్గర నుంచి. "కేసు ఎప్పుడో తేలిపోయింది. నా రిపోర్టు కూడా తయారైపోయింది. మీకోసమే ఆపాను."

విశ్వేశ్వరరావు షాపు బీమా కంపెనీ తరఫు సర్వేయరు. పనివాడే దొంగ అని తేలితే కంపెనీ పైసా కట్టక్కరలేదు.

"నా కోసం ఆపారా, నా సంతకం కోసం ఆపారా?" అంది మంగతాయారు.

"రెండూననుకోండి. మీ అంతటి పెద్దావిడ సంతకం కూడా పడితే అందంగా ఉంటుంది కదా."

"అందం సంగతి తరవాత. ఏం తేలిందో చెప్పండి రావుగారూ."

తుపాకీ మంగతాయారుకీ ఖమరుద్దీన్‌కీ మధ్య తెల్లటి దుప్పటి మీద ఉంది. దాని గొట్టాన్నీ కింది కర్రనీ కలిపి చుట్టి ఉండే ఏడు వెండి పట్టీలనీ రెండు రోజుల కిందట పోలీసుల ఎదుట మరో కంసాలి చేత రావే తీయించాడు. అవి విడిగా పళ్ళెంలో ఉన్నాయి. పట్టీలు లేని తుపాకీ నగలు తీసేసిన మనిషిలా బోసిగా ఉంది.

రావు వచ్చి తుపాకీ పక్కన కూర్చున్నాడు. "కుడిపక్క చూడండి. కిరీటం. దాని కింద వి.ఆర్., అంటే విక్టోరియా రాణి. ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ పేరు. సంవత్సరం పద్దెనిమిదివందల ఎనభై ఆరు. భేషుగ్గా ఉంది. ఇప్పుడు గొట్టం మీద, పట్టీ దాచిన చోట చూడండి." రావు టార్చి వేశాడు. "నాగరిలో శ్రీ. పక్కన నాలుగు అంకెలు. మనమంతా బళ్ళో హిందీ చదువుకున్నవాళ్ళమే కదండీ. ఒకటి, తొమ్మిది, అయిదు, సున్నా. పందొమ్మిది వందల యాభై! అప్పటికి రాణీగారు పోయి అర్ధశతాబ్దం. ఇది మన దేశంలో ఎక్కడో చేసిన నకిలీ. మన దేశం నుంచి తెచ్చుకునే వీలున్నది ఎవరికి? మన దేశం వాడికి. ఇంకేం కావాలి?"

"ఒక చిన్న సుత్తి కావాలి," అంది మంగతాయారు.

తన సంచిలోంచి తనే తీసుకుంది. గొట్టం కింది కర్రని పట్టి ఉంచే పిన్నుని నెమ్మదిగా కొట్టి బయటికి తీసింది. కర్ర జారి చేతిలోకొచ్చింది. గొట్టం అడుగుభాగం, ఇన్నాళ్ళూ కర్రలో దాగి ఉన్నది, వెలుగులోకొచ్చింది. దాని మీద గోరంత కిరీటాలు ఆరేడు, ఒక్కోదాని కింద ఒక్కో అంకె.

"ఇవి ఫ్యాక్టరీలో తనిఖీ చేసిన మనిషి తరవాత మనిషి కొట్టిన ముద్రలు. నకిలీ చేసేవాడు కొనేవాడికి కనబడే చోట కిరీటం కొడతాడు. కర్ర కింద, ఎవరూ చూడని చోట, ఇన్ని కొట్టడు. కొట్టినా ఇంత లోతుగా, ఇన్ని రకాల చేతులతో కొట్టలేడు. ఇది అసలైన ఇంగ్లండు తుపాకీయే."

"మరి పందొమ్మిది వందల యాభై?"

"బ్రిటిషువాళ్ళ కింద ఉన్న మన సైన్యం తుపాకుల మీద ఇంగ్లీషులోనే కొట్టేది. నాగరి అంకెలు, శ్రీకారం కొట్టించుకున్నది నేపాల్ రాజ్యం. వాళ్ళది విక్రమ శకం. అందులోంచి యాభై ఏడు తీసేయండి."

రావు పెదవులు కదిలాయి. "పద్దెనిమిదివందల తొంభైమూడు."

"ఎనభై ఆరులో ఇంగ్లండులో తయారైంది. తొంభైమూడులో నేపాల్ ఆయుధశాలకి చేరింది. వాళ్ళు పాత తుపాకుల్ని ఒక పాత భవనంలో గుట్టలుగా పోసి తలుపులేశారు. ఇరవై ఏళ్ళ కిందట మొత్తం విదేశీ వ్యాపారులకి అమ్మేశారు. నా ఉద్యోగంలో అలాంటివి రెండు నా బల్ల మీదకొచ్చాయి. వాటి మీద కూడా మీలాగే మా కుర్రాడొకడు పందొమ్మిది వందల యాభైలు రాసుకొచ్చాడు. హిందీ పరీక్షలో మంచి మార్కులు వచ్చినవాడే."

రావు ముఖం ఎర్రబడింది. కానీ అతను తెలివితక్కువవాడు కాదు.

"అయితే మరీ మంచిది," అన్నాడు. "ఇరవై ఏళ్ళ కిందటిదాకా నేపాల్లో ఉన్న తుపాకీ షేక్‌గారి తాతది కాలేదు. మార్పిడి జరిగిందని మీరే నిరూపించారు. థాంక్సండీ."

"మార్పిడి జరిగింది. ఎప్పుడు జరిగిందన్నదే ప్రశ్న."

మంగతాయారు లేచింది. అప్పటిదాకా తలుపు పక్కన నిశ్శబ్దంగా నిలబడి ఉన్న నాదియా వైపు తిరిగింది. షేక్ సైఫ్ మనవరాలు. మస్కట్‌లో ఆసుపత్రి ఉద్యోగం. అక్కడి నర్సుల మధ్య పనిచేసి హిందీ బాగానే పట్టుకుంది.

"తుపాకీ ఎక్కడ వేలాడేదమ్మా?" అని హిందీలో అడిగింది.

నాదియా గోడ చూపించింది. రెండు కొయ్య మేకులు. వాటి వెనక గోడకి ఎరుపు నలుపు చారల ఉన్ని అల్లిక ఒకటి పరిచి ఉంది. "మా నానమ్మ నేసింది. నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. ఉతకనివ్వడు, తిప్పనివ్వడు మా తాత."

పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా ఆ అల్లిక మీద పడుతోంది. ఏళ్ళ తరబడి పడింది కాబోలు, ఎరుపు వెలిసి ఇటుకపొడి రంగుకి తిరిగింది. మధ్యలో మాత్రం, తుపాకీ ఆకారంలో, దానిమ్మ గింజలంత ఎరుపు మిగిలి ఉంది.

"రావుగారూ, ఒకసారి ఆ తుపాకీ ఎత్తి దీని మీద పెట్టండి."

"నేనా?"

"నా భుజం నొప్పి. మీరు చిన్నవారు."

రావు పక్కన విప్పి ఉన్న కర్రని గొట్టానికి తగిలించి, మునివేళ్ళ మీద నిలబడి తుపాకీని మేకుల మీద పెట్టాడు. భుజానికి ఆనే పిడి నుంచి గొట్టం కొస దాకా ఎర్రటి ఆకారం తుపాకీ వెనక మాయమైపోయింది. అచ్చు దానిదే.

"షాపు నుంచి తిరిగొచ్చాక ఈ కొద్ది వారాల్లో ఎండ ఇలాంటి బొమ్మ గీయగలదా?" అంది మంగతాయారు. "ఇక తుపాకీ కింద ఉండే లీవరు చూడండి. ఈ తుపాకీ లీవరు ఇక్కడితో ఆగింది. దాని వెనక్కి, జానెడు మేర, రంగు ఇంకోలా లేదూ? నిండు ఎరుపూ కాదు, పూర్తిగా వెలిసిందీ కాదు. అక్కడ చాలాకాలం ఏదో కప్పి ఉండి, తరవాత కొన్నేళ్ళు ఎండ తగిలింది. అంటే ముందు ఉన్న తుపాకీ లీవరు ఇంకా పొడుగు. అది పోయి, పొట్టి లీవరున్న ఇది వచ్చింది. అదీ కొన్నేళ్ళ కిందటే."

నాదియా గోడకి దగ్గరగా వచ్చింది. వేలితో ఆ సగం వెలిసిన చోటుని తాకింది.

మంగతాయారు ముందు కర్రని మళ్ళీ తీసి నాదియా చేతికిచ్చింది. "వాసన చూడు."

"లుబాన్," అంది నాదియా వెంటనే. "రోజూ సాయంత్రం ఇక్కడ వేస్తాం. అతిథి వచ్చినా వేస్తాం."

"ఆ సాంబ్రాణి పొగే ఈ కర్ర మీద జిగురులా పేరుకుంది. పట్టీలు ఉన్న ఏడు చోట్లా మాత్రం కర్ర లేతగా ఉంది. ఏడు చోట్లా అంచు కత్తితో గీసినట్టుంది. ఈ పట్టీలు ఈ కర్ర మీద, ఈ గదిలో, కొన్నేళ్ళు ఉన్నాయి. క్రితం నెల ఖమరుద్దీన్ చేతికి వచ్చింది కూడా ఇదే తుపాకీ. వచ్చింది తిప్పి పంపాడు. అతను దేన్నీ మార్చలేదు రావుగారూ."

ఖమరుద్దీన్ ముఖంలో సంతోషం కనబడుతుందేమోనని మంగతాయారు చూసింది. కనబడలేదు. అతను ఇంకా పళ్ళెంలోని పట్టీల వైపే చూస్తున్నాడు, అక్కడ పాము ఉన్నట్టు.

ఆ చూపు రావు కూడా పట్టుకున్నాడు.

అతను వంగి పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కో పట్టీనీ కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. ఈసారి తొందరపడలేదు.

"మేడమ్‌గారూ, ఇటు రండి ఒకసారి. ఈ ఏడు పట్టీలకీ మధ్యలో చిన్న ముక్క వేసి అతికారు. ఎందుకంటారు?"

"పట్టీలు సన్నటి తుపాకీకి చేసినవి. ఇది కాస్త లావు. చాలక ముక్క వేశారు."

"ఒప్పుకున్నాను. ఒక అతుకు కొత్తది. అది క్రితం నెలలో ఖమరుద్దీన్ వేసింది. ఆయనే చెప్పాడు. తక్కిన ఆరూ పొగ పట్టి నల్లబడ్డాయి, పాతవి. ఆకురాయి గీతలు చూడండి. మామూలుగా కుడిచేత్తో రాస్తే గీతలు ఇటు వాలతాయి. ఈ కొత్త అతుకు మీద అటు వాలాయి." అతను ఆగాడు. "ఆ ఆరు పాతవాటి మీద కూడా అటే వాలాయి."

మంగతాయారు పట్టీ అందుకుంది. భూతద్దం పెట్టింది. రావు చెప్పింది నిజం. తను అది చూడలేదు. పొగ చూసింది, రంగు చూసింది, ముద్రలు చూసింది, గీతలు చూడలేదు.

సంచిలోంచి చిన్న ఆకురాయి తీసి ఖమరుద్దీన్ ముందుకి చాపింది. "పట్టుకో."

అతను ఎడమచెయ్యి చాపాడు. సగంలో ఆపేశాడు. అప్పటికే ఆలస్యమైంది.

"ఖహ్వా కుడిచేత్తో తాగాడు కదా, ఎడమచేతివాటమని నేనూ అనుకోలేదండీ," అన్నాడు రావు నెమ్మదిగా. "మార్పిడి క్రితం నెలది కాకపోతే పోనీ. ఎప్పటిదైనా, ఆ పని చేసిన చెయ్యి ఇదే. మీ క్లయింటుదే."

మంగతాయారుకి సఫియా ఏడుపు గుర్తొచ్చింది. ఆ ఏడుపుని నమ్మి ఇంతదూరం వచ్చింది. ఆకురాయిని తిరిగి సంచిలో పడేసింది.

"ఖమరుద్దీన్. ఇప్పుడు అబద్ధమాడితే నేను లేచి కారెక్కేస్తాను. ఇవి నీ అతుకులేనా?"

"నావే మేడమ్."

"ఎప్పుడు వేశావు?"

"నేను ఈ దేశానికొచ్చి వారం కూడా కాలేదప్పుడు. ఎనిమిదేండ్లయింది. షాపులో నా మొదటి పని అదే. పట్టీలు ఒక గుడ్డలో సుట్టి ఇచ్చినారు, తుపాకీ పక్కన పెట్టినారు, దీనికి ఎక్కించు అన్నారు. ఎవరిదో, ఏందో నాకేం తెలుసు? పని చెప్పినారు, చేసినా. మళ్ళా ఈ ఎనిమిదేండ్లలో దాన్ని సూడలేదు. పోయిన నెలలో ఈయమ్మ రిపేరుకి తెచ్చినప్పుడు జీషాన్ భాయ్ ఊరికి పోయినాడు, లీవులో. నేనే తీసుకున్నా. పట్టీ విప్పితే నా అతుకే నాకు కనబడింది. తాతల కాలం తుపాకీ అని ఈయమ్మ సెప్పింది. దానికి నేను పట్టీలెక్కించడమేంది? గుండె జల్లుమనింది."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"భాయ్ ఊరి నుంచి రాగానే అడిగినా. నీకెందుకురా, నోరు మూసుకో అన్నాడు. తరవాత కేసు నా మీదే పెట్టించినాడు."

"కథ!" అన్నాడు రావు. కానీ ఆ మాటలో ముందున్న ధీమా లేదు. "ఎనిమిదేళ్ళ కిందటి పని ఇంత బాగా గుర్తుందా? రోజుకెన్ని పట్టీలు వేస్తావు నువ్వు?"

ఖమరుద్దీన్ చెవులు ఎర్రబడ్డాయి.

"దానికి జవాబు చెప్పు," అంది మంగతాయారు. "నన్ను చూసి చెప్పు. ఇంకా ఏదో దాస్తున్నావు. అది నేరం కాదు, సిగ్గు. నీ చెవులే చెబుతున్నాయి."

అతను గొంతు తగ్గించాడు. "ఆ రోజు జుమ్మా మేడమ్. శుక్రవారం. సూక్ అంతా మూసినారు. షట్టర్ లోపల్నుంచి దించి, పని అయ్యేదాకా లేవొద్దన్నాడు భాయ్. బయట అజాన్ వినబడతా ఉంది. మా నాయన సచ్చినరోజు కూడా నేను జుమ్మా నమాజు ఇడవలేదు. ఆ రోజు ఇడిసినా. కొత్తగా వచ్చినా, అప్పుసేసి వచ్చినా, ఎదురు సెప్పలేకపోయినా. సఫియాకి కూడా సెప్పలేదు ఇంతవరకూ. ఎట్ల మర్చిపోతా?"

రావు కిటికీ వైపు తిరిగాడు. ఇలాంటిది కట్టుకథలో పెట్టుకునే మాట కాదని అతనికీ తెలిసినట్టుంది.

మంగతాయారు నాదియా వైపు నడిచింది. తెలుగులో జరిగిన ఈ మాటలు ఆ పిల్లకి అర్థం కాలేదు. అదే మంచిదైంది. ఏమీ చెప్పకుండా అడగొచ్చు.

"ఇప్పుడు ఈ తుపాకీ అదే షాపుకి ఎందుకు పంపావమ్మా?"

"మా నాన్న అక్కడికే పంపేవాడు. ఎనిమిదేళ్ళ కిందట కూడా శుభ్రం చేయించడానికి అక్కడే ఇచ్చాడు. నెలలు గడిచినా వాళ్ళు తిరిగివ్వలేదు. ఆఖరికి కోపంతో తనే వెళ్ళాడు, తెచ్చుకోవడానికి." నాదియా చేతిలోని కర్రని దుప్పటి మీద పెట్టింది. "తిరిగి వస్తుంటే కొండల దారిలో కారు వాదీలోకి, ఎండిన ఏటి లోయలోకి, పడిపోయింది. నాన్న అక్కడే పోయాడు. అప్పటి నుంచీ తాత ఈ తుపాకీని ముట్టుకోలేదు. మొన్న పండగకే మొదటిసారి."

"ఏ వారం పోయాడు?"

"గురువారం సాయంత్రం. శుక్రవారం జుమ్మా తరవాత ఖననం చేశాం."

"మరి తుపాకీ?"

"నాన్న కారులోనే ఉంది. శనివారం, బయట కూర్చున్న ఆ షాపాయనే తీసుకొచ్చి ఇచ్చాడు. పోలీసులు కారులోంచి తీసి తనకి అప్పగించారని చెప్పాడు. మేం దుఃఖంలో ఉన్నాం. ఎవరడుగుతారు? కారు నుజ్జయింది, కానీ తుపాకీ మీద గీత కూడా పడలేదు, అదొక్కటే దేవుడు మిగిల్చాడు అని తాత ఏడ్చాడు."

నాదియా చెప్పింది హిందీలో. ఆ హిందీ ఖమరుద్దీన్‌కీ అర్థమైంది. అతను తివాచీ మీద రెండు చేతులూ ఆనించుకున్నాడు.

మంగతాయారు పళ్ళెంలోని పట్టీల వైపు చూసింది. గురువారం సాయంత్రం కారుతో పాటు వాదీలో పడి ఉండాల్సిన వెండి. మర్నాడు జుమ్మా వేళకి, మూసిన షట్టరు వెనక, మత్రాలో ఖమరుద్దీన్ ముందుంది. ఆ తుపాకీ ఆ కారు ఎక్కనే లేదు. ఇవ్వడానికి అసలు తుపాకీ జీషాన్ దగ్గర లేదు. పట్టీలు ఊడదీసి, తుపాకీని ఎవరికో ఎప్పుడో అమ్మేశాడు. కోపంతో వచ్చిన నాదియా తండ్రి ఖాళీ చేతులతో వెనక్కి బయల్దేరాడు, పోలీసుల దగ్గరికో, ఇంటికో. ఆ సాయంత్రమే పోయాడు. అది ప్రమాదమేనా?

"మేడమ్‌గారూ," అన్నాడు రావు. "ఇది బీమా కేసు కాదండీ."

"కాదు. ఖమరుద్దీన్ నిందితుడూ కాదు. సాక్షి. ఆ శుక్రవారం షట్టరు వెనక ఏం జరిగిందో తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు."

"ఇద్దరండీ," అన్నాడు రావు, గుమ్మం వైపు చూస్తూ.

మెట్టు మీద ఖహ్వా కప్పు ఉంది. మనిషి లేడు. కప్పులో ఇంకా ఆవిరి వస్తోంది. జీషాన్‌కి హిందీతోపాటు తెలుగు కూడా వచ్చని, హైదరాబాదు పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషని, తలుపు ఇంతసేపూ తెరిచే ఉందని మంగతాయారుకి ఒక్కసారిగా గుర్తొచ్చింది.

వాకిట్లో కారు స్టార్టయిన చప్పుడు. పారిపోతున్నాడనుకుంది. కానీ కారు వెళ్ళలేదు. నెమ్మదిగా తిరిగి మజ్లిస్ గుమ్మం ముందుకే వచ్చి ఆగింది. పక్క సీటు తలుపు లోపల్నుంచి తెరుచుకుంది.

జీషాన్ దిగి మెట్టెక్కాడు. తన కప్పు తను తీసుకుని, మిగిలిన ఖహ్వా తాగి, మర్యాదగా నాదియా చేతికిచ్చాడు.

"చలో ఖమ్రూ. పొద్దు దిగుతోంది. కొండల దారి కదా, చీకటి పడకముందే దాటాలె."

ఖమరుద్దీన్ కదల్లేదు.

"అతను నాతో వస్తాడు," అంది మంగతాయారు.

"అరే మేడమ్, పూచీ నాది, పాస్‌పోర్టు నా దగ్గర. పోలీసోళ్ళు అడిగితే మీరు జవాబిస్తరా? రూల్ రూలే కదా."

విశ్వేశ్వరరావు జేబులోంచి తన కారు తాళాలు తీశాడు. వచ్చి ఖమరుద్దీన్ పక్కన నిలబడ్డాడు.

"సర్వేయరుగా నాకు ఇతని స్టేట్‌మెంట్ కావాలి. దారిలో రాసుకుంటాను. పోలీస్ స్టేషన్ దగ్గరే ఆగుతాం. పూచీ నేనిస్తాను," అన్నాడు.

జీషాన్ ముగ్గురినీ ఒకరి తరవాత ఒకరిని చూశాడు. నవ్వు చెదరలేదు. వంగి ఖమరుద్దీన్ భుజం మీద చెయ్యి వేసి, వెండిపట్టీని కొలిచినట్టు, వేళ్ళతో మెల్లిగా నొక్కాడు.

"అట్లనే కానీ. ఒక్క మాట చెప్పు ఖమ్రూ," అన్నాడు. "ఆ రోజు జుమ్మా నమాజు ఇడిసినవని సఫియాకి ఇంతవరకూ చెప్పలేదన్నవు గదా. ఆమె ఇప్పుడు మత్రాల మీ రూమ్‌లో ఒక్కతే ఉంది. నేను ముందు చేరతా. నేనే చెప్పనా?"